అసూయను చెప్పుకోగల స్నేహం

కెనడా రచయిత్రి ఎల్.ఎం. మాంట్‌గోమరీ రాసిన 'ఆన్' నవలల్ని సాధారణంగా బాలికల పుస్తకాల అలమరలో పెడతారు. చర్చి, ఇరుగుపొరుగు, ప్రెస్బిటేరియన్లకూ మెథడిస్టులకూ మధ్య సరదా తగవులు - ఎవరికీ ఏ హానీ జరగదన్న ధీమా కలిగించే మెత్తని క్రైస్తవ గృహప్రపంచం అది. ఆ వరుసలో 1917లో వచ్చిన 'ఆన్స్ హౌస్ ఆఫ్ డ్రీమ్స్' మాత్రం ఆ ధీమాని వమ్ము చేస్తుంది.

పెళ్లయి సముద్రతీరానికి కాపురానికొచ్చిన ఆన్‌కు పొరుగున లెస్లీ మూర్ ఉంటుంది. తాకట్టులో ఉన్న పొలం కోసం, తల్లి ఒత్తిడి మీద పదహారేళ్లకే డిక్ మూర్‌ని పెళ్లాడిన మనిషి. ఓడ మీద వెళ్లి మతి చెడి తిరిగొచ్చిన అతనికి ఏళ్ల తరబడి చాకిరీ చేస్తూంటుంది. ఆన్ కడుపుతో ఉన్నప్పుడు లెస్లీ పుట్టబోయే బిడ్డకి అందమైన గౌను కుట్టి ఇస్తుంది, మనసు మాత్రం విప్పదు. పుట్టిన రోజే పాప చనిపోతుంది. లెస్లీ కోరిక మీద ఆ చిన్ని దేహానికి ఆ గౌనే తొడుగుతారు.

ఆ తర్వాత లెస్లీ వచ్చి, నీ సుఖాన్ని చూసి ఒక్కోసారి నిన్ను ద్వేషించానని ఆన్‌తో చెప్పేస్తుంది. ఆన్ ఆమెను తప్పుపట్టదు. వాళ్ల అసలు స్నేహం అక్కడ మొదలవుతుంది.

మా కరీంనగర్ పల్లెల్లో ఈ అసూయకు ముందే ఒక పేరుంది: దిష్టి. పిల్లల్లేని స్త్రీని, బిడ్డను పోగొట్టుకున్న స్త్రీని సీమంతానికి పిలవడానికే వెనకాడతారు. పిలిచినా ఒడి నింపే చేతుల్లో ఆమె చెయ్యి ఉండదు. ఆమె వెళ్లాక ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తారు. ఆమె మనసులో ఏముందో ఎవరూ అడగరు. అసూయ ఆమె చూపులోని విషమైపోతుంది తప్ప ఆమె పోగొట్టుకున్నదానికి గుర్తు కాదు.

దిష్టిని నమ్మని క్రైస్తవ ఇళ్లలో 'దేవుని చిత్తం' అన్న ఓదార్పు కూడా ఒక్కోసారి ఇలాగే నోరు మూయిస్తుంది. అంతా మంచికేనని పెంచిన తల్లి మెరిల్లా అంటే ఆన్ ఒప్పుకోదు. ఇది దేవుని చిత్తమేనని నీకెలా తెలుసని నిలదీస్తుంది. ఈ మాట రాసిన మాంట్‌గోమరీ 1911లో ఒక పాదిరిని పెళ్లాడింది. 1914 ఆగస్టులో ఆమె రెండో కొడుకు హ్యూ మృతశిశువుగా పుట్టాడు. విశ్వాసాన్ని వదలకుండానే ఆ ఓదార్పును ప్రశ్నించడం ఈ మెత్తని నవలలోని గట్టిదనం.

అయితే ఇక్కడే పేచీ ఉంది. ఇద్దరు స్త్రీల మధ్య అడ్డుగోడ కూలడానికి ఒక పసిబిడ్డ చావాల్సి వచ్చింది. ఇద్దరూ పోగొట్టుకుంటేనే సమానులవుతారా? తర్వాత రచయిత్రి ఆన్‌కు కొడుకునిస్తుంది. లెస్లీ సేవ చేస్తున్నది భర్తకు కాదనీ, అతని దాయాదికనీ తేల్చి, విడాకుల ఊసెత్తకుండానే ఆమెను విడిపించి, మరో పెళ్లి చేస్తుంది. ద్వేషించానని చెప్పగలిగిన స్త్రీకి, ఈ కాపురం నాకొద్దని చెప్పే అవకాశం మాత్రం ఇవ్వదు.

2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త'లోని 'సమాగమం' ఇందుకు భిన్నమైన దారి తొక్కింది. అడవిలో కొడుకుల్ని పెంచుకుంటున్న సీతకు శూర్పణఖ ఎదురవుతుంది. తనకు జరిగిన అవమానాన్నీ, దానితో తాను చేసిన పోరాటాన్నీ చెప్పుకుంటుంది. సీత తల్లి కావడం వాళ్ల స్నేహానికి అడ్డు రాదు. శూర్పణఖకు తను పెంచిన తోట ఉంది, తన బతుకు ఉంది. ఆమె దగ్గరవడానికి సీత బిడ్డల్ని పోగొట్టుకోనక్కర్లేదు.

మాంట్‌గోమరీ అసూయకు మాటనిచ్చింది. ఓల్గా ఆ మాటకు నష్టంతో పనిలేని చోటు చూపించింది. సీమంతం పీటకు దూరంగా నిలబెట్టిన స్త్రీ కథ ఈ రెండింటినీ కలుపుకుని, ఆమె నోటితోనే రావాలి. అప్పుడుగానీ మాతృత్వం మీద మన చర్చ తల్లుల మధ్య మాత్రమే సాగే చర్చగా మిగిలిపోకుండా ఉండదు.