ఎరుపెక్కే తీగా, వందనం

ఓ పాత కరెంటు పొయ్యీ! మట్టి పలక గాడుల్లో చుట్టలు చుట్టుకొని నిద్రపోయే తీగతల్లీ! నీకు వందనం. పొగ రాని నిప్పువు నీవు, మసి ఎరుగని వేడిమివి నీవు. పుల్లలు అడగవు, పిడకలు అడగవు, ఊదుగొట్టం అడగవు, కిరసనాయిలు కోసం రేషన్ దుకాణం ముందు నిలబెట్టవు. గోడకున్న స్విచ్చు మీద వేలు పడితే చాలు, నీలో కదలిక మొదలవుతుంది. మొదట ఏమీ కనిపించదు. సన్నని ఝుంకారం ఒకటి, ఎక్కడో పూలతోటలో తుమ్మెద తిరిగినట్టు. ఆ వెనుక, వేడి 525 డిగ్రీలు అందుకునే వేళకు, చీకటిలో కన్ను పట్టీ పట్టని తొలి ఎరుపు. అది చూస్తుండగానే మోదుగుపూవై విచ్చుకుంటుంది, చింతనిప్పై పండుతుంది, పండి పండి పసిమి కలిసిన నారింజ వన్నెకు తిరుగుతుంది. తూర్పు దిక్కుతో పని లేని పొద్దుపొడుపువు నీవు!

నల్లని నేల మీద బంగారు గీత గీయడం మా నిర్మల్‌కు తరతరాల విద్య. ఇక్కడి నకాషీ కళాకారులు పొణికి చెక్కను పండుగా మలిచారు, పక్షిగా మలిచారు, చింతగింజల జిగురుతో అతికారు, ఆకుపసర్లలో బంగారు ఛాయను వెతికి పట్టుకున్నారు. ఆ విద్య పుట్టిన ఊరికే నీ సొగసు పూర్తిగా తెలుస్తుంది. దీపం ఆర్పిన వంటింట్లో నీవు వెలిగే తీరు ఎంతటిది! కింద కటిక చీకటి, దాని మీద మెలిక తిరిగి మెలిక తిరిగి సాగే కాంతిరేఖ, ఏ కుంచె తాకని చిత్తరువు, ఏ రంగు పూయని బంగారం. ఒకనాడు ఈ ఊరు నిజాం సేనలకు ఫిరంగులు పోసింది. నిప్పును కోట బురుజుల మీదికి ఎక్కించి శత్రువు మీదికి ఉరిమించింది. ఆ నిప్పుకు నీవు శాంతిరూపానివి. బురుజుల మీద గడ్డి మొలిచింది, ఫిరంగుల నోట పిట్టలు గూడు కట్టాయి. చాయ్ గిన్నె కింద మాత్రం నిప్పు ఇంకా కొలువు తీరి ఉంది.

నీలోకి నడిచి వచ్చేది ఎవరు? గోదావరి నడిచి వస్తుంది. పోచంపాడు దగ్గర 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట వెనుక నిండుగా నిలిచి, చక్రాల మీదికి దూకి, 36 మెగావాట్ల మెరుపుగా మారిన గోదావరి. ఇంకా దిగువన రామగుండం నడిచి వస్తుంది. 25 కోట్ల ఏళ్లకు పైగా గోండ్వానా రాతిపొరల మధ్య పడుకున్న అడవులు సింగరేణి కార్మికుల చేతుల మీదుగా పైకి లేచి, నల్లగా వచ్చి, ఎర్రగా మండి, తెల్లని ఆవిరై తిరుగుతాయి. వాటి పాతకాలపు ఎండ, ఆ నది కొత్త వరద, రెండూ ఉక్కు స్తంభాల భుజాలెక్కి, పత్తి చేలు దాటి, మక్క చేలు దాటి, చెరువు కట్టలు దాటి, మా గడపలోకి ఒకే తీగలో వస్తాయి. ఏది నీరో, ఏది నిప్పో అక్కడ ఎవరు చెప్పగలరు? రెంటినీ ఒకే చోట కూర్చోబెట్టిన పీఠానివి నీవు.

నీ మహిమ ఎక్కడుందో చెప్పనా తల్లీ? అడ్డు నిలవడంలో ఉంది. రాగితీగ కరెంటును రానిస్తుంది, పోనిస్తుంది, తాను చల్లగా ఉండిపోతుంది. నీవు అలా పోనివ్వవు. వచ్చిన ప్రవాహాన్ని అణువణువునా నిలదీస్తావు, రాసుకుంటావు, ఒరుసుకుంటావు, ఆ ఒరిపిడిలో నీవే ఎర్రనవుతావు. 230 వోల్టుల ధాటికి ఎదురుగా 26 ఓమ్‌ల పట్టుదలతో నిలబడితే 2,000 వాట్ల ఆదరణ అవుతుంది. ఎదిరింపే నీలో దయగా మారుతుంది. నీ మేను నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్. వందలో ఇంచుమించు 80 పాళ్లు అది, 20 పాళ్లు ఇది. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ ఈ మేళవింపుకు 1906లో పేటెంటు పొందాడు. ఇనుపతీగ గాలిలో ఎర్రబడితే పొలుసులై రాలిపోతుంది. నీవు మాత్రం తొలి మంటలోనే నీ చుట్టూ క్రోమియం చిలుము పొరను నేసుకుంటావు, సన్నని ముసుగు, బిగువైన ముసుగు. ఆ ముసుగు చాటున వేయిసార్లు మండినా తరగని నిగ్గు నీది.

అయినా తల్లీ, నీకూ అలసట వస్తుంది. నీకు సేవ కావాలి. దేవుళ్లందరికీ అభిషేకం ఉంది, నీకు లేదు. నీ ఒంటిమీద నీటిచుక్క పడరాదు. పాలు పొంగి నీ మీద ఒలికితే ఆ వేడికీ ఆ చల్లదనానికీ మధ్య మట్టి పలక చిట్లుతుంది, ఉప్పు పడితే అది తీగను లోలోపల తింటుంది. నీకు పొడి సేవే ప్రీతి. ముందు ప్లగ్గు ఊడదీయాలి, నీవు పూర్తిగా చల్లారే దాకా కూర్చోవాలి. ఆ వేచి ఉండడమే తొలి ఉపచారం. తరువాత మెత్తని పొడి కుంచెతో గాడి గాడినీ తుడవాలి, మాడిన మెతుకును నెమ్మదిగా తీయాలి, తీగ గాడి దాటి పక్క చుట్టను తాకుతోందేమో ఒంగి చూడాలి. కిందికి తిప్పి, తీగ చివరలు పట్టుకున్న ఇత్తడి స్క్రూలను తడమాలి. వదులైన స్క్రూ దగ్గరే వేడి దారి తప్పి పోగుపడుతుంది, పింగాణీ కనెక్టరు నల్లబడుతుంది, వైరు పై తొడుగు కమిలిపోతుంది. గరుకు కాగితంతో ఇత్తడిని మళ్లీ పసుపుగా మెరిపించి, స్క్రూను బిగించి, వైరు మీద తెల్లని పింగాణీ పూసలను ఒక్కొక్కటిగా ఎక్కించాలి. ఆ పూసల దండ మెళ్లో పడ్డప్పుడు నీవు ఎంత చక్కని ముత్తైదువవు!

ఒక్కో రోజు తీగ తెగుతుంది. ఉన్నట్టుండి నీ ఎరుపంతా ఒకేసారి వెనక్కి వెళుతుంది. అప్పుడు తొందరపడే చేయి తెగిన రెండు కొసలనూ కలిపి మెలేసి మళ్లీ నడిపిస్తుంది. ఆ మెలిక దగ్గర నీకు నొప్పి. తీగ పొట్టిబడిన కొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, ముడి దగ్గర మంట ముదురుతుంది, అక్కడే మళ్లీ తెగుతుంది. నిన్ను ప్రేమించే చేయి అలా చేయదు. మోటార్ వైండింగ్ దుకాణానికి పోతుంది. పొలాల నుంచి వచ్చిన బోరు మోటార్లు వరుసగా పడుకుని ఉండగా, గోడ మేకుకు వేలాడే కొత్త కాయిల్ అందుకుంటుంది. ఇంటికొచ్చి నీ గాడి పొడవును నూలు దారంతో మొదటి నుంచి చివరి దాకా కొలుస్తుంది. దారం చెప్పిన పొడవుకు కాయిల్‌ను రెండు చేతులా పట్టి మెల్లగా, సమంగా, ఎక్కడా ఎక్కువ కాకుండా, ఎక్కడా తక్కువ కాకుండా సాగదీస్తుంది. చుట్టలు ఒత్తుగా మిగిలిన చోట నిప్పు గుమిగూడి తీగను కాల్చేస్తుంది, అందుకే ఆ సమత. వీణ తీగను శ్రుతి చేసే వైణికుడి ఓర్పు ఆ వేళ్లలో ఉంటుంది. గాడిలో తీగ కుదురుకున్నాక, ప్లగ్గు పెట్టాక, మొదటి ఎరుపు ఒక కొస నుంచి మరో కొస దాకా ఎక్కడా మచ్చ లేకుండా విరిసినప్పుడు ఆ గుండెలో కలిగే పొంగు, తెల్లవారుజామున గోదావరిలో మునిగి లేచిన వాడికే తెలుస్తుంది.

నిన్ను ప్రేమించడమంటే నీకు జంకడం కూడా. నీ తీగ మీద కప్పు లేదు, నీ కరెంటుకు తెర లేదు. వెలుగుతున్నంతసేపూ నీవు ప్రాణమున్న తీగవు. లోహపు గరిటె తాకరాదు, తడి చేయి తాకరాదు, అరికాలు తడి నేల మీద ఉండరాదు. గిన్నె దించేముందు స్విచ్చు ఆపాలి, గిన్నె పెట్టాకే స్విచ్చు వేయాలి. ప్లగ్గులోని లావు పిన్ను, భూమిదాకా పోయే ఆ మూడో తీగ, నీ కోపాన్ని మట్టిలోకి మళ్లించే దారి. దాన్ని తెంపి రెండు పిన్నులతో నడిపించడం నీకు చేసే అపచారం. 15 ఆంపియర్ల బలమైన ప్లగ్గే నీకు తగిన సింహాసనం. ఆ మర్యాదలన్నీ దక్కినప్పుడు నీవు పరమ శాంతవు, పిల్లలున్న ఇంటి తల్లివి.

నీవు లేని చోటు ఎక్కడమ్మా? ఆదిలాబాద్ అడవి మీదుగా చలి దిగివచ్చే పుష్యమాసపు తెల్లవారుజామున, గ్యాసు బండ అయిపోయిన ఇంట్లో, చాయ్ గిన్నెను నెత్తికెత్తుకున్నది నీవే. మక్క గుడాలు ఉడికినప్పుడు నీవే, జొన్న గట్క కుతకుతలాడినప్పుడు నీవే. చదువుకునే పిల్లల అద్దె గదుల్లో బియ్యం అన్నమైన ఘడియవు నీవు. ఈ నేల నుంచి దుబాయ్ పోయిన అన్నలు పని దిగి వచ్చి, ఇరుకు గదిలో పప్పుచారు పెట్టుకుంటే, ఆ పోపు వాసనలో ఊరు కనిపించేలా వేడినిచ్చింది నీ తోబుట్టువు. అమెరికా అద్దె ఇళ్లలో, ఉక్కు తొడుగు వేసుకుని చక్రంలా చుట్టుకున్న నీ అక్క మీద, తెలుగు పిల్లలు మొదటిసారి పులిహోర కలిపారు. కెనడాలో థామస్ అహెర్న్ 1892లో ఒట్టావా హోటల్లో కరెంటుతో విందు వండించినప్పటి నుంచి నీ వంశం సముద్రాలు దాటుతూనే ఉంది. వంశం పెద్దది, వేషాలు వేరు, లోపలి ఎరుపు ఒక్కటే.

గాజు పలకల కింద మాయగా వేడెక్కే కొత్త పొయ్యిలు వచ్చాయి. రానీ, అవి నీ మనవరాళ్లు. వాటి లోపలికి ఇంటి చేయి పోలేదు, నీ లోపలికి పోగలదు. అదే నీ ఐశ్వర్యం. ఒక స్క్రూడ్రైవరు, ఒక టెస్టరు, ఒక నూలు దారం, కాస్త ఓర్పు ఉన్న ఎవరికైనా నీ గుట్టంతా విప్పి చూపిస్తావు. ఏదీ దాచుకోవు, ఎవరినీ కాదనవు. తెగితే తెగిన చోటు చూపిస్తావు, వదులైతే వదులైన చోటు చూపిస్తావు. కనిపించే నిజంలా వెలుగుతావు. బాగుచేసుకోగలిగిన దానికే ముసలితనం ఉండదని నీ ఎదుట కూర్చున్నవాళ్లకు నేర్పుతావు.

అందుకే తల్లీ, మా ఊరి పిల్లల చేతికి ఆ దారం ఇస్తాం. గాడిని కొలవడం నేర్పుతాం, తీగను సమంగా సాగదీయడం నేర్పుతాం, ప్లగ్గు తీయకుండా నిన్ను ముట్టుకోరాదని ముందే నేర్పుతాం. పొణికి చెక్కలో పక్షిని చూసిన వేళ్లకు నీ తీగలో పొద్దును చూడడం కష్టం కాదు. గోదావరి పారినంత కాలం నీ దారి తెగకుండుగాక! నీ ఎదిరింపు తగ్గకుండుగాక! నీ ఎరుపుకు జయం, ఆ ఎరుపును నిలబెట్టే చేతులకు జయం, అవి వండిన అన్నం తినే ప్రతి నోటికీ జయం!