విద్యాప్రసారముల పోటీ - సామాజికుని స్థానము

రసము కావ్యమందున్నదా, నటునియందున్నదా, సామాజికునియందున్నదా యను ప్రశ్న మన ఆలంకారికులకు చిరపరిచితము. భట్టనాయకాభినవగుప్తుల విచారము చివరకు సామాజికుని హృదయమునే ఆశ్రయించినది. ఈ పాత ప్రశ్నను ఒక క్రొత్త రంగమునకు అన్వయించి చూడవలెనని మా యుద్దేశము. విద్యాబోధకై నిర్మింపబడు దృశ్యశ్రవ్య రచనలకు జరుగు అంతర్జాతీయ పోటీ యా రంగము.

ఇట్టి పోటీలలో జపాను ప్రజాప్రసార సంస్థయగు ఎన్.హెచ్.కె. 1965లో నెలకొల్పిన 'జపాన్ ప్రైజ్' ప్రసిద్ధము. ఆ సంస్థ 1935లోనే పాఠశాలలకై దేశవ్యాప్తముగ రేడియో ప్రసారముల నారంభించెను. 1959 జనవరిలో విద్యకే ప్రత్యేకించిన టెలివిజన్ వాహిని నేర్పరచెను. కావున ఇట్టి పోటీ నడపుటకు దానికి గల అర్హత శంకింపదగినది కాదు. మొదట రేడియో, టెలివిజన్ కార్యక్రమములకు ఉద్దేశింపబడిన యీ పోటీ 2008 నుండి వెబ్‌సైట్లకును, బోధనాత్మకములైన ఆటలకును చోటొసగినది.

వివిధ దేశముల నిపుణులు ఈ రచనలను పరిశీలించి విలువ కట్టుదురు. ఐదేండ్ల బిడ్డకై తీసిన పాఠమునకు ఏబదియేండ్ల విద్వాంసుడు తీర్పు చెప్పును. కావ్యపరీక్షలో మాత్రము విద్వాంసుడు తీర్పరి కాడా యని యడుగవచ్చును. నిజమే, కాని అచ్చట ఆతడే సహృదయుడు, కావ్య మాతనినే యుద్దేశించును. పాఠ మట్లు కాదు. అది ఇంకను తెలియనివానికై పుట్టినది. తెలిసినవానికి అది తెలియజేయవలసినదేమియు లేదు. ఆతడు చూడగలిగినది చెప్పిన తీరును మాత్రమే.

భాష యొద్దకు వచ్చునప్పటికి ఈ చిక్కు మరింత బిగియును. ఒక తెలుగు గుణింత పాఠమును ఊహింతము. తెరపై 'పలక' యను మాట యున్నది. మొదటి యక్షరమునకు గుడి కట్టగనే అది 'పిలక' యగును. పలక పట్టిన బాలుని నెత్తిపై పిలక మొలచును. మన బిడ్డ పకపక నవ్వును. ఆ నవ్వులోనే గుడి యేమి చేయునో వానికి తెలిసిపోవును. ఇదే పాఠము పరభాషానువాదముతో న్యాయనిర్ణేత ముందు నిలిచినపుడు రెండు వస్తువుల పేర్లు మిగులును, గుడి మాయమగును. గింజ మొలకెత్తుటను చూపిన పాఠమునకు ఈ యిబ్బంది లేదు. కావున ఇట్టి పోటీలలో మాటకన్న బొమ్మకు సహజముగనే మొగ్గు కలుగునని మా యభిప్రాయము. దీనిని పక్షపాతమనజాలము, పోటీ నిర్మాణములోనే యున్న యొరుగు ఇది. మాతృభాషా బోధకులు దీనిని గుర్తింపక, బహుమతి పొందిన మాదిరులనే అనుకరించినచో నష్టము మన బిడ్డలకే.

సామాజికునే పరీక్షాధికారిగ చేసికొన్నవారు లేకపోలేదు. 1969లో అమెరికాలో ఆరంభమైన 'సెసమి స్ట్రీట్' నిర్మాతల పక్షమున ఎడ్వర్డ్ పామర్ అను పరిశోధకుడు ఒక చిత్రమైన యుపాయము పన్నెను. బిడ్డకు ఎదుట టెలివిజను, ప్రక్కన క్షణక్షణము మారు రంగుల బొమ్మల తెర. బిడ్డ చూపు ఏ క్షణమున ప్రక్కకు మరలునో వ్రాసికొని, ఆ ఘట్టమును దిద్దెడివారు. ఇంతకన్న నిర్దాక్షిణ్యుడైన విమర్శకుడు దొరకడు! చూపు నిలుచుటయే నేర్చుట కాదన్న ఆక్షేపణ యున్నను, మార్గము సరియైనదే.

మన దేశములో 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహసాయమున జరిగిన 'సైట్' ప్రయోగము ఇంకను ముందునకు పోయినది. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు నాలుగు భాషలలో, అందు తెలుగున గూడ, కార్యక్రమములు చేరెను. మానవశాస్త్రజ్ఞులు కొన్ని పల్లెలలో కాపురముండి, చూచువారు ఏమి గ్రహించిరో, ఏది విడిచిరో పరిశీలించిరి. బహుమతి లేని పరీక్ష యది.

డిజిటల్ రచనల విషయము వేరు. ఆటలో సామాజికుడే నటుడు; ఆతడు చేయి కదపనిదే కథ నడువదు. ఇట పెద్దలు ఆడి చూచి యిచ్చు తీర్పు పిల్లల యనుభవమునకు మరింత దూరమగును, ఏలయన పెద్దలు తప్పటడుగు వేయు చోట్లు వేరు, పిల్లలు వేయు చోట్లు వేరు.

ఈ పోటీలో మా మెప్పునకు పాత్రమైనది ప్రతిపాదనల విభాగము. ధనమును పరికరములును చాలని దేశములవారు ఇంకను తీయని కార్యక్రమపు టూహను పంపవచ్చును. గెలిచినవారికి నిర్మాణమునకై సాయమందును. ఇచ్చట మెరుగు కాక ఊహయే తూగును. ఇదే విభాగములో ఆ కార్యక్రమము పూర్తియైన పిమ్మట దానిని ఏ బిడ్డలకై తలపెట్టిరో ఆ బిడ్డలకే చూపి, వారేమనిరో, ఎచ్చట నవ్విరో, ఎచ్చట లేచి పోయిరో వారి భాషలోనే నమోదు చేయించి, మరుసటి యేటి న్యాయనిర్ణేతల ముందుంచుట కష్టమైన పని కాదు.