పండ్లకఱ్ఱయు కిరీటమును
('యాత్రికుని ప్రయాణము' అను గ్రంథమును గూర్చి ఒక విమర్శ)



మన క్రైస్తవ కుటుంబములలో బైబిలు గ్రంథము తరువాత ఎక్కువగా పేరు వినబడు పుస్తకములలో 'యాత్రికుని ప్రయాణము' ఒకటి. జాన్ బన్యన్ ఆంగ్లమున వ్రాసిన ఈ గ్రంథము యొక్క మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను అచ్చుపడినవి. మంచి పుస్తకమును పొగడి అటక మీద పెట్టుట సులభము. అది మనకేమి నేర్పుచున్నది, దానిని ఎక్కడ జాగ్రత్తగా చదువవలెను అని పరీక్షించుట మేలు. కాబట్టి ఒక్క ప్రశ్నతో దీనిని తెరచి చూతము: లోకమును పట్టుకొనక దేవుని నమ్ముకొనుమని ఈ పుస్తకము చెప్పుచున్నది గదా; అప్పు తీర్చవలసిన రైతునకును, సాయంకాలము పిల్లలకు గంజి కాయవలసిన తల్లికిని ఆ మాట ఎట్లు చెల్లును?

బన్యన్ 1628లో బెడ్‌ఫర్డు పట్టణము దగ్గరనున్న ఎల్‌స్టో గ్రామమున పుట్టెను. చిల్లిపడిన పాత్రలకు మాట్లు వేయుట అతని వృత్తి. అతడు గొప్ప చదువులు చదివినవాడు కాడు. అందుచేతనే అతని బోధలో సంత, బురద, బాట, గుట్ట, మూట కనబడును. పల్లెవారికి ఇవి ఎవరును విప్పి చెప్పనక్కరలేదు.

మొదటి భాగములో మాయసంత గొప్ప ఘట్టమని అందరు చెప్పుదురు. అక్కడ లోకము బాహాటముగా శత్రువై నిలిచి, నమ్మకస్థుడను యాత్రికుని చంపును. అయితే నా దృష్టికి అంతకంటె లోతైనది దాని వెంటనే వచ్చు ఘట్టము. సంత దాటిన తరువాత క్రైస్తవునికి ఒక పెద్దమనిషి కలిసికొనును. అతనిని మనము స్వలాభుడని పిలువవచ్చును. అతడు దేవుని దూషింపడు. యాత్ర మానుమని చెప్పడు. ఎండ కాయుచు, జనులు మెచ్చుకొనుచు, భక్తి వెండి చెప్పులు తొడిగి నడుచునంతకాలము అతడును ఆ బాటనే నడుచును. గాలి ఎదురు వీచిన నాడు మాత్రము నిలిచిపోవును.

అతని స్నేహితులు ఒక ప్రశ్న వేసికొందురు: భక్తిగలవాడగుటచేత మంచి బేరము, గొప్ప జీతము, ధనికురాలైన భార్య దొరకునట్లయితే, వాటికొరకు భక్తిని అవలంబించుట తప్పా? తప్పు కాదని వారు తేల్చుకొందురు. క్రైస్తవుడైతే యూదాను, గారడీవాడైన సీమోనును చూపి వారి నోళ్లు మూయించును. రొట్టెలకొరకు క్రీస్తును వెంబడించుటయే తప్పయినప్పుడు, ఆయనను అడ్డము పెట్టుకొని లోకమును సంపాదించుట ఇంకెంత హేయమని అతని వాదన.

చదువరీ, ఇక్కడ కొంచెము ఆగుము. ఇన్ని రూపాయలు కానుక వేసితే దేవుడు పదింతలు ఇచ్చునని చెప్పు బోధ నేడు మన ఊళ్లలోనికి కూడ వచ్చుచున్నది. దానిని నమ్మి, పంట ఎండిన యేట, దేవుడు తన మాట తప్పెనని కుమిలిపోవువారున్నారు. వారు దేవుని నమ్మలేదు. పంటను నమ్మి, దానిని తెప్పించు పని దేవునికి అప్పగించిరి. స్వలాభుని మాట ఇదే. మూడు వందల ఏండ్లకు పైగా గడచినను అతని ముఖమును మనము గుర్తుపట్టగలుగుట బన్యన్ కలము యొక్క గొప్పతనము.

కొంత దూరము పోగా లాభమను గుట్టయు, అందులో వెండి గనియు నుండును. దేమా దాని దగ్గర నిలిచి బాటసారులను పిలుచును. స్వలాభుడును అతని స్నేహితులును మొదటి పిలుపునకే అటు తిరుగుదురు. వారు అంచున తొంగిచూచి పడిరో, త్రవ్వుటకు దిగిరో, లోపలి విషపు గాలికి చచ్చిరో బన్యన్ తేల్చి చెప్పడు. ఆ బాటమీద వారు మరల కనబడలేదని మాత్రము చెప్పి ఊరకుండును. నరకమును గూర్చిన పెద్ద వర్ణనకంటె ఆ మౌనము భయంకరముగా నున్నది.

రెండవ భాగములో ఇంకొక చిత్రమున్నది. ఒకడు చెత్త లాగు పండ్లకఱ్ఱ చేత పట్టుకొని, వంగి, పుల్లలను, గడ్డిపరకలను, దుమ్మును ప్రోగుచేయుచుండును. అతని తలకుపైగా ఒకరు పరలోక కిరీటము పట్టుకొని, ఆ కఱ్ఱకు బదులుగా దీనిని ఇచ్చెదనని అడుగుచుందురు. అతడు తల యెత్తడు. క్రైస్తవుని భార్య దీనిని చూచి, నన్ను ఈ కఱ్ఱనుండి విడిపింపుమని వేడుకొనును. ఐశ్వర్యము వద్దని అడుగు ప్రార్థన ఎవరును చేయకపోవుటచేత తుప్పు పట్టినంత పనియైనదని ఆ యింటివాడు బదులు చెప్పును. సామెతల గ్రంథము 30వ అధ్యాయములోని ఆగూరు ప్రార్థనయే అది.

ఇంతవరకు పొగడితిని. ఇప్పుడు లోపమును కూడ చెప్పవలెను. కథారంభమున క్రైస్తవుడు భార్యాబిడ్డలు పిలుచుచుండగా చెవులలో వ్రేళ్లు పెట్టుకొని పరుగెత్తును. తాను వారిని ఎంతో బ్రతిమాలితిననియు, వారు రాకపోయిరనియు తరువాత ఏడ్చుచు చెప్పుకొనునుగాని, వారి పూట ఎట్లు గడచెనో మొదటి భాగము చెప్పదు. ఆ దారి పొడవునను అతడు కూలికి పోయినట్లు లేదు. దీనిని అక్షరాల పట్టుకొనువాడు, పొలము బీడు పెట్టి, రోగికి మందు మాన్పించి, ఇదియే విశ్వాసమని చెప్పగలడు. అట్టి మాటకు ఈ కథ తగినంత అడ్డు వేయలేదు.

అయితే ఆ అడ్డు గ్రంథకర్త జీవితములో నున్నది. అనుమతి లేకుండ ప్రసంగించెనని బన్యనును 1660లో పట్టుకొనిరి. ఇక ప్రసంగింపనని మాట ఇచ్చిన విడిచిపెట్టెదమనిరి. అతడు ఇయ్యలేదు, 1672 వరకు, 12 సంవత్సరములు, చెరలో నుండెను. ఇంటివద్ద భార్యయు, నలుగురు పిల్లలును, వారిలో పెద్దది గ్రుడ్డి పిల్లయు నుండిరి. వారిని తలంచినప్పుడు తన మాంసము ఎముకలనుండి ఊడదీసినట్లుండెనని 1666లో తన ఆత్మకథలో వ్రాసెను. అనాథలను, విధవరాండ్రను దేవుడు తానే కాపాడుననెడి యిర్మీయా 49:11 వాగ్దానమును ఆనుకొనెను. ఆనుకొని ఊరక కూర్చుండెనా? లేదు. చెరలో నాడాలు చేసి, అమ్మించి, పిల్లలకు రొట్టె పంపెను.

నా ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికినది. చేతులు నాడాల మీదను, కన్నులు కిరీటము మీదను ఉండవచ్చును. ఆ మనుష్యుని నేరము కఱ్ఱ పట్టుకొనుట కాదు, తల యెత్తలేకపోవుట. పొలము దున్నుము, అప్పు తీర్చుము, బిడ్డను చదివింపుము, గాదెలో గింజలు దాచుకొనుము. అయితే సత్యమునకును వాటికిని పోటీ వచ్చిన నాడు, చెర తలుపు తెరచియుండగా బన్యన్ కూర్చుండినట్లు, నీవు కూర్చుండగలవా? ఆ నాడు తెలియును, దేనిని నమ్ముకొంటివో.

కాబట్టి ఈ పుస్తకమును రెండు భాగములు కలిపి చదువుము. అక్షరములు రానివారికి చదివి వినిపింపుము. తరువాత తుప్పు పట్టుచున్న ఆ ప్రార్థనను ఇంటిల్లిపాది కలిసి ఒక్కసారి చేయుడి: ప్రభువా, గర్వింపజేయు కలిమియు, దొంగిలింపజేయు లేమియు వద్దు, నేటికి చాలినది ఇచ్చి, మా తలలు పైకెత్తుము. ఆమేన్.