టైంటేబుల్ బయటి ఇంగ్లీషు

యూనివర్సిటీలో 'వాడికి ఇంగ్లీషు రాదు' అనే మాటను ఉత్త సమాచారంగా తీసుకోలేం. కులం పేరెత్తి మాట్లాడటం నేరమయిన చోట కులాన్ని గుర్తుపట్టడానికి వాడుకునే మాట అది. 'మెరిట్ లేదు' అనడానికి దగ్గరి దారి. అందుకే దళిత విద్యార్థులకు అదనంగా ఇంగ్లీషు నేర్పిస్తామని ఎవరన్నా ముందుకొస్తే, మంచిదేలే అని ఊరుకోకూడదు. ఎట్ల నేర్పుతున్నారు, ఏ వేళకు నేర్పుతున్నారు, ఎవరి తప్పు దిద్దడానికి నేర్పుతున్నారు అని అడగాలి.

బనగానపల్లె ప్రాంతాన్నే తీసుకుందాం. నాపరాళ్ల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో, మామిడి తోటల్లో కూలి చేసుకునే ఇళ్ల నుంచి డిగ్రీ దాటి వచ్చిన మొదటి తరం మాది. ఊళ్లో తెలుగు మీడియం. అక్కడి నుంచి నంద్యాల, కర్నూలు, అనంతపురం, హైదరాబాదు. ఒక్కో మజిలీకి ఇంగ్లీషు పెరుగుతూ పోతుంది, దాన్ని నేర్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా ఉండదు. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే నడపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. పీజీలో తగిలే గోడను మూడేళ్లు ముందుకు జరిపినట్లయింది. గోడ ఎక్కడానికి నిచ్చెన ఏదీ?

నిచ్చెన పేరుతో ఇప్పటిదాకా వచ్చింది 'రెమెడియల్ కోచింగ్'. 11వ ప్రణాళిక కాలంలో (2007-12) ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, మైనారిటీ విద్యార్థుల కోసం యూజీసీ ఈ పథకం నడిపింది. భాషా సామర్థ్యం పెంచడం, ఫెయిలయ్యేవాళ్లను, మధ్యలో మానేసేవాళ్లను తగ్గించడం దాని లక్ష్యాలు. వాటితో మాకు పేచీ లేదు. ఇట్లాంటి క్లాసుల్లో శ్రద్ధగా చెప్పిన అధ్యాపకులున్నారు, గట్టెక్కిన విద్యార్థులున్నారు. పేచీ రెండు విషయాల్లో.

మొదటిది పేరు. రెమెడీ అంటే చికిత్స. చికిత్స రోగికి చేస్తారు. ఇక్కడ రోగి ఎవరు? పన్నెండేళ్లు ఇంగ్లీషు సరిగ్గా నేర్పని బడులా, నేర్చుకునే అవకాశం దొరకని పిల్లవాడా? పథకం పేరే ఆ పిల్లవాడి వైపు వేలు చూపిస్తుంది.

రెండోది, ఈ క్లాసులు మామూలు టైంటేబుల్ బయట పెట్టాలన్న నిబంధన. అందరూ ఇంటికి పోయే వేళకు వీళ్ల క్లాసు మొదలవుతుంది. ఊరి బస్సు అందుకోవాల్సిన పిల్లవాడు, ఇంటికి పోయి పొయ్యి ముట్టించాల్సిన ఆడపిల్ల ఎట్ల ఆగుతారు? ఆగినా ఆ గంటకు మార్కుల్లో లెక్క లేదు, 'రిజర్వేషన్ బ్యాచ్' అనే ముద్ర మాత్రం ఉంది. ఊరి బయట వాడ పెట్టినట్టు టైంటేబుల్ బయట క్లాసు పెట్టారు.

ఇంతకీ ఆ క్లాసులో ఏం చెప్తారు? మేము కూర్చున్న చోట టెన్సులు, ఆర్టికల్స్, ఖాళీలు పూరించడం. మా అవసరం వేరు. తెలుగు మీడియంలో ఎకనామిక్స్ చదివిన విద్యార్థి 'డిమాండ్ వ్యాకోచత్వం' అని బట్టీపట్టి వస్తాడు. పీజీలో అది 'ఎలాస్టిసిటీ' అవుతుంది. వ్యాకోచత్వమూ వాడింట్లో మాట కాదు, ఎలాస్టిసిటీ కూడా కాదు. కాని కాపు విరగకాసిన ఏడు మామిడి రేటు ఎందుకంత పడిపోతుందో, తోట గుత్తకు తీసుకున్నవాడు పంట ఎక్కువై ఎట్ల మునుగుతాడో వాడికి తెలుసు. విషయం ఉంది, దాన్ని ఆ సబ్జెక్టు ఇంగ్లీషులో వాక్యంగా నిలబెట్టే సాధన లేదు. 'అర్థమయితాంది గానీ చెప్పేకి రాదు' అని మా పిల్లలు అనేది దీన్నే. ఖాళీలు పూరిస్తే ఈ ఖాళీ నిండదు.

బనగానపల్లె దగ్గరి రవ్వలకొండలో కాలజ్ఞానం రాశాడని చెప్పే వీరబ్రహ్మం గురించి మా వైపు ఒక కథ ఉంది. ఆయన సిద్ధయ్యకు దేహంలోని దేవతల గురించి చెప్తుంటే మాదిగ కక్కయ్య చాటున విని, అక్షరాలా నమ్మి, చూద్దామని భార్య దేహాన్నే కోశాడంటారు. కక్కయ్య అమాయకత్వానికి గుర్తుగా ఈ కథ చెప్పుకుంటారు. మేము వేరే అడుగుతాం. చాటున వినాల్సిన గతి అతనికెందుకు పట్టింది? ఎదుట కూర్చుంటే ప్రశ్న అడిగేవాడు కదా? విద్య బయట నిలబడి వినేవాడి తప్పును వాడి బుర్రకు అంటగట్టడం పాత అలవాటే.

ఇక ఇంగ్లీషు మీద రెండు వాదాలున్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో చంద్రభాన్ ప్రసాద్ 2010లో ఇంగ్లీషు దేవతకు గుడి తలపెట్టాడు. ఆ కోరికలో న్యాయం ఉంది. కాని దేవత వరమిస్తే వచ్చేది కాదు భాష. దానికి టీచరు కావాలి, గంటలు కావాలి, జీతాలు కావాలి. రెండో వాదం మాతృభాషది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం 2019లో ఇచ్చిన జీవో 81ని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినప్పుడు సంతోషించిన పెద్దలు చాలామంది తమ పిల్లల్ని ఏ మీడియంలో చదివించారు? అయినా పిల్లవాడికి తెలిసిన భాషలోంచే కొత్త భాషలోకి నడిపించాలన్న మాట నిజమే. ఆ నిజాన్ని మమ్మల్ని ఆపడానికి కాక నడిపించడానికి వాడమంటున్నాం.

ఇంగ్లీషు వస్తే అన్నీ తీరుతాయని కూడా మేము అనడం లేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల ఆఖరి ఉత్తరం ఇంగ్లీషులోనే ఉంది. దేశమంతా చదివింది. వివక్ష మీద పోరాటం భాష పాఠంతో ముగిసిపోదు. పాఠం ఆ పోరాటంలో ఒక భాగం.

కాబట్టి మేము అడిగేవి ఇవి. ఇంగ్లీషు సహాయం టైంటేబుల్ లోపల ఉండాలి, దానికి క్రెడిట్లు ఉండాలి. అది ఆ సబ్జెక్టు పుస్తకాల మీద, ఆ సబ్జెక్టు టీచరు పూచీతో నడవాలి. మొదటి ఏడాది సెమినార్లో తెలుగులో అడిగే హక్కు, తెలుగులో చిత్తుప్రతి రాసుకునే హక్కు ఉండాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన ప్రతి విద్యార్థీ ఆ క్లాసులో కూర్చోవాలి, అప్పుడు ముద్ర పోతుంది. ఎస్సీ, ఎస్టీల పేరుతో వచ్చిన డబ్బు లెక్క మాత్రం విడిగా చెప్పాలి. ఇంగ్లీషు ఎట్ల నేర్పాలో తెలిసినవాళ్లు లేరని ఎవరూ అనలేరు. అందుకోసమే 1958లో హైదరాబాదులో కేంద్ర సంస్థ పెట్టారు, అదే ఇవాళ్టి ఇఫ్లూ.

ఇది దయతో ఇచ్చే మందు కాదు, యూనివర్సిటీ మాకు బాకీ ఉన్న చదువు. విద్యార్థి సంఘాలు హాస్టలు, స్కాలర్‌షిప్పుల డిమాండ్ల పక్కన దీన్నీ రాసుకోవాలి.