ఇస్త్రీ చేసిన పాట

భీమునిపట్నంలో మా ఆడపడుచు ఇంట్లోనే కంప్యూటరు అమర్చి, మా అత్తగారి చేత మంగళహారతి పాడించి రికార్డు చేసింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఏర్పాటు ముచ్చటగా ఉంది. కిటికీకి బొంత కట్టి సముద్రపు హోరు తగ్గించింది. పాడే గొంతు చెవికి ఆలస్యంగా వినబడకుండా విడిగా ఆడియో ఇంటర్‌ఫేస్ కొంది. అంతవరకూ భేష్!

మరి పాట? 1997లో వచ్చిన ఆటోట్యూన్ అనే సాధనం, తప్పిన స్వరాన్ని దగ్గరి మెట్టు మీదికి లాగుతుంది. మెట్ల మధ్య ఊగేదే కదండీ మన గమకం! అది పలకదన్న అభ్యంతరంతోనూ ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని వెలివేసింది. ఈ యంత్రం గమకాన్నీ తప్పనుకుని ఇస్త్రీ చేసేసింది. లాగే వేగం తగ్గించే వీలుంది, మా అమ్మాయి అది ముట్టుకోలేదు.

అత్తగారు విని, "బాగుందే, ఎవరే పాడిందీ?" అన్నారు.

అసలు రికార్డు చెరపలేదట. నాకు అదే ఇమ్మన్నాను.