స్మృతియు విమర్శయు

మొన్నటి సెలవులలో మా యింట నొక వివాదము పుట్టినది. మా తమ్మునికిని మా యమ్మాయికిని జరిగిన యీ వివాదమునకు విషయము రాజకీయము కాదు, వివాహము కాదు. ఒక వీడియో యాట. జపాను దేశమున 'ఫైనల్ ఫాంటసీ' యను పేర వెలువడుచున్న క్రీడాపరంపరలో ఏడవదానిని మా తమ్ముడు విద్యార్థిగా నున్నపుడు, 1999వ సంవత్సరపు వానాకాలమున, కంప్యూటరుపై నాడెను. మా యమ్మాయి యా కథనే 2020లో వెలువడిన నూతనరూపమున నెఱుగును. "మామయ్యా, మీ క్లౌడుకు ముక్కూ నోరూ సరిగా లేవు, చేతులు చూస్తే రోకళ్ళలా ఉన్నాయి" అని యామె నవ్వెను. "ఆ వానలో ఏరిత్ చనిపోయినప్పుడు మేము ఏడ్చామమ్మా. మీ బొమ్మలకు వెంట్రుక వెంట్రుకా కనబడుతుంది గాని ప్రాణమేదీ? ఆ రోజులే వేరు" అని యతడనెను. అంతటితో వాదము ముగిసినది. ముగిసినదనుటకంటె తలుపు మూయబడినదనుట యుక్తము. పెద్దవారు "ఆ రోజులే వేరు" అన్న పిమ్మట పిన్నలు చెప్పదగిన ప్రత్యుత్తర మేమి కలదు?

ఈ మాటను మనము ఆచారముల విషయమున పలుమాఱు విన్నవారమే. విని, అది ప్రమాణము కాజాలదని వాదించినవారమే. కళల యొద్దకు వచ్చునప్పటికి మాత్రము మనమే దానిని నిస్సంకోచముగ వాడుచున్నాము. పాతదగుట చేతనే యొక కృతి మంచిదగునా యను ప్రశ్నను కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలోనే యెత్తియున్నాడు. ఇన్ని శతాబ్దముల పిదపను ఆ ప్రశ్న పిల్లల యాటబొమ్మల నడుమ మరల లేచుచున్నది గనుక, దానిని చిన్నవిషయమని త్రోసివేయక విచారింతము.

ఈ క్రీడల నెఱుగని చదువరులకు రెండు మాటలు. 1987వ సంవత్సరమున స్క్వేర్ అను సంస్థవారు సకగుచి హిరోనోబు నాయకత్వమున మొదటి ఫైనల్ ఫాంటసీని వెలువరించిరి. 2023 నాటికి సంఖ్యగల ప్రధానక్రీడలు పదునాఱైనవి. కాశీమజిలీలలో మజిలీ మజిలీకి కథ మాఱినను చెప్పువాడొక్కడే యైనట్లు, ఇందు సంఖ్య సంఖ్యకు లోకమును పాత్రలును మాఱును. చెప్పు తీరునందలి పోలిక నిలుచును. ఇవి పాత్రధారణ క్రీడలు. ఆడువాడు కథలోని జనుల వేషము దాల్చి, వారిని ఊరూర నడిపించి, యుద్ధములకు వలసిన బలము చేకూర్చి, కథను తన చేతులమీదుగా ముందునకు సాగించును. నవలలో పుట త్రిప్పుటకు వ్రేలు చాలును. ఇందు కథ కడముట్టుటకు పదుల గంటల శ్రమ కావలెను. కావున వీని తారతమ్యము నిర్ణయించునపుడు కథ యేమని యడుగుట మాత్రము చాలదు. ఆ కథ యాడువాని చేతికేమి పని యిచ్చినదని కూడ నడుగవలెను.

పాతవాని పక్షమున చెప్పదగినది మొదట చెప్పెదను. 1991లో వెలువడిన నాలుగవ క్రీడలో బొమ్మలు వ్రేలెడంత యుండును. తలవంచుట, చేయెత్తుట, గిఱ్ఱున తిరుగుట, ఇంతియే వాని యభినయము. అయినను సెసిల్ అను సేనాని చరిత్రము మనస్సున నాటుకొనును. అతడు రాజాజ్ఞకు లోబడి పరుల పవిత్రస్ఫటికమును దోచితెచ్చును. రాజు పంపగా అతడొక పల్లెకు మోసికొనిపోయిన పెట్టె యా పల్లెనే దగ్ధము చేయును. పిదప పశ్చాత్తప్తుడై కొండ యెక్కి, తన పూర్వరూపమగు చీకటియోధునితోనే తలపడవలసివచ్చును. అంతవఱకు నెదురైనవారినెల్ల కొట్టి గెలుచుట నేర్చిన యాటకాడు ఇచట కత్తి దించి దెబ్బలకోర్చి నిలువవలెను, అదియే గెలుపు. పశ్చాత్తాపమును గూర్చి యింతకంటె సూటియైన పాఠము నేనెఱుగను.

1994లో వెలువడిన యాఱవదానిలో దుష్టుడగు కెఫ్కా కథ నడుమనే జయించి లోకమును పాడుచేయును. ఏడాది గడచిన పిదప సెలెస్ అను యువతి యొక యేకాంతద్వీపమున మేల్కాంచును. ఆమెకు తోడు సిడ్ అను వృద్ధుడొక్కడే. అతడును మంచము పట్టియున్నాడు. ఆడువారు తీరమునకు పోయి చేపలు పట్టి యాతనికి పెట్టవలెను. చుఱుకుగా నీదు చేప మేలు చేయును. మందముగా నీదునది కీడు చేయును. తెలియక చిక్కినదెల్ల పెట్టినవారి చేతులలో నా వృద్ధుడు మరణించును. ఇంటిలో రోగికి సేవ చేసి, ఏ పథ్యము తప్పినదోయని పిదప తలపోసినవారికి ఈ ఘట్టపు బరువు వేఱుగ చెప్పనక్కఱలేదు.

తోలుబొమ్మలాటలో సీత కంట నీరు తెరపై కనబడదు. ఆ నీరు చూచువారి కంటిది. ఈ చిన్నబొమ్మలును అట్టివే. వాని ముఖములు శూన్యములు గనుక మనమే వానిని నింపితిమి. స్వరము లేదు గనుక మన స్వరమునే వారికిచ్చితిమి. మా తమ్ముడు "ప్రాణము" అన్నది దీనినే. అది యబద్ధము కాదు. అయితే నింపినది మనమని యొప్పుకొన్న పిదప, ఆ నింపిన దానినంతయు కథకుల పద్దున వ్రాయుట న్యాయమా?

పాతవానిలో లోపములు లేకపోలేదు. ఆ నాలుగవ క్రీడలోనే పాలమ్, పోరమ్ అను కవలపిల్లలు దగ్గఱకు జరుగుచున్న గోడలనాపుటకై తాము శిలలగుదురు. చూచినవారి గుండె కరగును. కాని పిదప వారు బ్రతుకుదురు. యాంగ్ ప్రాణత్యాగము చేసెననుకొందుము, అతడును బ్రతికియుండును. సిడ్ అను నావనిర్మాత పేలుడుపదార్థముతో క్రిందికి దుమికిన పిదప నతడును మరల కనబడును. త్యాగము మూడుమాఱులు తిరిగి వచ్చిన చోట నాల్గవమాఱు కన్నీరెట్లు వచ్చును? మన జ్ఞాపకము మొదటి కన్నీటిని దాచుకొని, తరువాతి మోసమును జాఱవిడిచినది. మఱియొక సంగతి. ఈ నాలుగవ క్రీడను అమెరికాలో రెండవదిగను, ఆఱవదానిని మూడవదిగను సంఖ్య మార్చి యమ్మిరి. స్థలము చాలక యనువాదమును కుదించిరి. తమ బాల్యమున "మూడవది" సర్వోత్తమమని వాదించిన యమెరికావారును, "ఆఱవది" యని వాదించిన జపానువారును ఒకే కృతిని స్తుతించుచు, వేర్వేఱు మాటలను జ్ఞాపకముంచుకొన్నారు. జ్ఞాపకము కృతిని మాత్రమే దాచదు. అది చేరిన త్రోవను, చేరిన యింటిని కూడ కలిపి దాచును.

స్వరము వచ్చి యూహను చంపినదని వాదించువారు 2001లో వెలువడిన పదియవదానిని చూడవలెను. ప్రధానపరంపరలో పాత్రలు నోరు తెఱచి పలికినది ఇందే మొదలు. స్పైరా యను లోకమును సిన్ అను మహాభూతము పీడించుచుండును. యూనా యను కన్య దానిని శాంతింపజేయుటకు తీర్థయాత్ర సాగించును. యాత్రాంతమున నామె మరణించవలెనని తోడివారందఱెఱుగుదురు. పరలోకమునుండి వచ్చిన టీడస్ మాత్రమెఱుగడు, ఆడువారును ఎఱుగరు. సిన్ పోయిన పిదప నేమేమి చేయుదమో యతడు సంతోషముగ చెప్పుచుండును. తక్కినవారు మాట మార్చుదురు. రెండవమాఱు ఆడునపుడు ఆ మౌనములన్నియు వినబడును. స్వరము గల నాటకమున మౌనమునకు గల విలువ స్వరములేని దానిలో నుండునా? తరతరమున నొక యువతిని గాని యువకుని గాని బలిగొను నా యాచారము నిష్ఫలమని తెలిసియు మతాధికారులు దానిని సాగించుచుండిరని యూనా కడపట కనుగొని, ఆ బలిని నిరాకరించును. సంస్కారప్రియులగు మన చదువరులకు ఈ కథ పరాయిది కాదు. దీని దారులు ఇఱుకు సందులవలె నొకే దిక్కునకు పోవునను నింద నిజమే. కాని తప్పించుకొన వీలులేని యాత్రకు అట్టి దారియే తగియున్నది.

ఇక నేడవది. 1997లో వెలువడిన యీ క్రీడను గూర్చియే "ఆ రోజులే వేరు" అను మాట యెక్కువగ వినబడును. ఏరిత్ అను పూలమ్ముకొను యువతిని సెఫిరోత్ చంపు ఘట్టమే యందుకు ముఖ్యకారణము. ఇచట మోసము లేదు. ఆమె తిరిగి రాదు. ఆమెకు నేర్పిన విద్యలు వ్యర్థములగును. దండులో నామె స్థానము ఖాళీ యగును. ఆ లోటు కంటికంటె చేతికి ముందు తెలియును.

అయినను ఈ కథకు నడిబొడ్డు ఆ మరణము కాదని నా యభిప్రాయము. కథారంభమున కామ్ అను నూరిలో, బసయందు కూర్చుండి, నాయకుడగు క్లౌడ్ తన పూర్వచరిత్ర చెప్పును. ఐదేండ్లకు ముందు తాను శ్రేష్ఠశ్రేణి యోధుడనై, సెఫిరోత్ ప్రక్కన నడచి, స్వగ్రామమునకు పోయితినని యతడు చెప్పును. మనము వినుట మాత్రమే కాదు, ఆ జ్ఞాపకమును మన చేతులతో నాడుదుము. చాలకాలమునకు గాని నిజము బయటపడదు. ఆనాడు వచ్చిన శ్రేష్ఠయోధుడు జాక్ అను వేఱొకడు. క్లౌడ్ సామాన్యభటుడు, అనుకొన్న పదవి రాలేదను సిగ్గుచే శిరస్త్రాణము తీయక, తన యూరివారికే ముఖము చూపక నిలిచినవాడు. విఱిగిన మనస్సు మిత్రుని గౌరవమును తనదిగా కుట్టుకొన్నది. బాల్యసఖి టీఫా యానాడచట నున్నది. ఇతని కథ తన జ్ఞాపకముతో పొసగదని యామెకు మొదటనే తోచినది. కాని భయముచే మాటాడలేదు. కడపట నిరువురును కలిసి యతని మనస్సులోనికి దిగి, ఒకరి జ్ఞాపకమునకు మఱియొకరి జ్ఞాపకమును సాక్ష్యముగ చేర్చి, నిజమును వెదకుదురు. అప్పుడు మన చేతిలో నుండునది క్లౌడ్ కాదు, టీఫా.

ఎంత విచిత్రము! పూర్వస్మృతిని నమ్మరాదని బోధించు కథయే పూర్వస్మృతిపరులకు దేవాలయమైనది. "మా రోజులలో" అని యారంభించునపుడు మనమందఱము ఆ బసలోని క్లౌడులమే. మన కథలో మనము ముందువరుసను నడచుచుందుము.

2020లో ఆ సంస్థవారు ఈ యేడవదానినే నూతనముగ వెలువరింప మొదలిడిరి. మొదటిభాగము మిడ్గర్ నగరముతోనే ముగియును. పాతదానిలో కొన్ని మాటలకే పరిమితమైన జెస్సీకి ఇందొక యిల్లు, వండిపెట్టు తల్లి, స్పృహ లేక పడియున్న తండ్రి కలరు. కావున ఆ పేట కూలినపుడు మన శోకమునకు ఆధారము హెచ్చినది. అనవసరపు పనులతో సాగదీసినచోట్లును కలవు. ఇందు బూడిదరంగు ముసుగుల ఛాయలు కొన్ని కనబడును. కథ పాతత్రోవ తప్పబోయినపుడెల్ల అవి గుమిగూడి దానిని మరల పాతత్రోవకే నెట్టును. ఇవి యెవరో చదువరులు గ్రహింపగలరు. "మొదట నున్నట్లే యుండవలెను" అని గోలపెట్టు మన మోహమే యా ఛాయలు. పాత్రలు వానితో పోరాడి గెలుతురు. ఆ సాహసము మెచ్చదగినది. కాని 2024లో వెలువడిన రెండవభాగమున ఏరిత్ మరణఘట్టము వచ్చినపుడు కథకుల చేయి వణకినది. క్లౌడ్ కత్తినడ్డుకొన్నట్లును, ఆమె మరణించినట్లును రెండును చూపి, ఏది సత్యమో తేల్చక విడిచిరి. పాతదానినుండి విడిపోయెదమని ప్రతిజ్ఞ చేసినవారు, పాతవారి కన్నీటిని క్రొత్తవారి యాశను రెండింటిని దక్కించుకొన నెంచి, శోకమును పలుచన చేసిరి. ఈ యొక్క ఘట్టమున పాతదే మేలు. పాతదగుటచే కాదు, తెగించి చెప్పుటచే.

మా యింటి వివాదము సంగతి. నేను తమ్మునితో, "తీర్పు నీవు చెప్పవద్దు, ఆ పాతయాటనే దానికి చూపించు" అంటిని. ఇరువురును నాలుగు వారములు సాయంకాలము లాడిరి. రోకళ్ళవంటి చేతులను మా యమ్మాయి మొదటి దినములలో నవ్వినది. తరువాత నవ్వుట మానినది. ఏరిత్ ఘట్టము వచ్చినది. ఆ పిల్ల కన్నులు తుడుచుకొన్నది. మా తమ్ముడు మాత్రము దిగ్భ్రాంతుడై తెరవంక చూచుచుండెను. "వాన ఏదీ?" అనెను. ఆ ఘట్టమున వాన లేదు, ఏనాడును లేదు. ఆ వాన మా పాత యింటి పెరటిలోనిది. 1999లో నతడు కిటికీయొద్ద కూర్చుండి యాడుచుండగా పెంకులపై కురిసినది. మా నాన్నగారు బ్రతికియుండిన చివరి వానాకాల మదియే.

నేనేమియు ననలేదు. మా యమ్మాయియే, "పోనీ మామయ్యా, ఆ వాన సంగతి చెప్పు" అని యడిగినది. అతడు చెప్పినాడు. క్రీడను గూర్చి కాదు. ఇంటిని గూర్చి, తాతగారిని గూర్చి. మూయబడిన తలుపు అప్పుడు తెఱచుకొన్నది.

గతమును ప్రేమించుట దోషమని నేననను. ఆ ప్రేమను కృతికి కొలబద్దగ చేయుట దోషము. విమర్శకుడు మొదట తన వానను ప్రక్కకు తీసి, తెరపై నేమున్నదో చూడవలెను. అందుకు తనతోపాటు చూచు రెండవ సాక్షి కావలెను. ఆ సాక్షి తనకంటె పిన్నయైన నింకను మేలు. మన యిండ్లలో పిల్లలాడు కథలను పెద్దలును, పెద్దలు ప్రేమించిన కథలను పిల్లలును ప్రక్కన కూర్చుండి చూచు నలవాటు కలిగినచో, ఏది మంచికథయో నిర్ణయించుట యంత కష్టము కాదు. మా యింట నిపుడు పదియవది యారంభమైనది. మా తమ్ముడు దానిని మునుపెన్నడు నాడలేదు.