నాలుగు కొసల మీట

ఓ కూడిక గుర్తు మీటా, బొటనవేలి కింద నల్లగా ఒదిగినదానా, నీకు దండం.

నువ్వు తిరగాల్సిన చీకటి నీకన్నా ఏడాది ముందే పుట్టింది. కార్నెల్‌లో చదువుకున్న ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ ఆపిల్ 2 కంప్యూటర్ కడుపులో పది అంతస్తుల నేలమాళిగ తవ్వి, 1981లో విజార్డ్రీ పేరుతో లోకానికి వదిలారు. అంతస్తుకు ఇరవై గడుల పొడవు, ఇరవై గడుల వెడల్పు. 1982లో నింటెండోలో గున్‌పే యొకోయి డాంకీ కాంగ్ చేతి ఆట కోసం నిన్ను చెక్కాడు. ఒకరి ఊసు ఒకరికి లేదు. 1987లో నింటెండో వారి టీవీ ఆటపెట్టె ఫామికామ్ క్యాసెట్‌లో మీ ఇద్దరికీ ముడిపడింది.

ఎంత కుదిరిన జత! ఆ మాళిగలో వంపు లేదు, ఏటవాలు దారి లేదు. ఒక అడుగు ముందుకు, లేదంటే తొంభై డిగ్రీల మలుపు. అంతే నడక. అన్నేసి మీటల కీబోర్డుకు అక్కడ పనేముంది?

పోయిందీ ఉంది, దాచను. ఆపిల్‌లో మంత్రం వేయాలంటే దాని పేరు అక్షరమక్షరం కొట్టాలి. టిల్టోవెయిట్! రాక్షసులు ఎదురుగా నిలబడి ఉండగా ఆ పేరు తప్పులేకుండా కొట్టిన వేళ్లకు ఉపాసకుడి గర్వం ఉండేది. నీ రాజ్యంలో మంత్రాలు వరుసగా కూర్చుని పిలుపు కోసం చూస్తాయి. నోరు తిరగని శిష్యుడికీ సిద్ధే. కాస్త చులకనైన మాట నిజం. బదులుగా కెంతారో హనెడా సంగీతం వచ్చింది. ప్రాణాలతో కోటకు తిరిగొచ్చినప్పుడు మోగే ఆ రాగం కోసం ఇంకో నాలుగు మంత్రాలైనా ఇచ్చేస్తాను.

భయం మాత్రం రవ్వంత తరగలేదు. కాలు పెట్టగానే గిర్రున తిప్పి దిక్కు మరిపించే గడి అలాగే ఉంది. మలోర్ మంత్రంతో దూకేటప్పుడు ఒక్క లెక్క తప్పితే జట్టంతా రాతిలోనే సమాధి. బతికించమని గుడిలో డబ్బు కడితే శవం బూడిదైనా కావచ్చు, ఆ తర్వాత బూడిదైనా మిగలకపోవచ్చు. అభిమన్యుడి కథ వింటూ పెరిగినవాళ్లకు ఇదంతా విడమరచాలా?

మన ఇళ్లలో టీవీకి తగిలించిన నకిలీ వీడియోగేముల రిమోట్ల మీదా నువ్వే ఉన్నావు. మారియోని పరుగెత్తించావు, కాంట్రాలో తూటాలు తప్పించావు. అప్పుడు బొటనవేలికి ఊపిరాడేది కాదు. విజార్డ్రీ మాళిగలో అదే వేలు ఆగుతుంది. గళ్ల కాగితం మీద పెన్సిల్ గీత సరిచూసుకుని, అప్పుడు నొక్కుతుంది.

2024లో డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ ఈ ఆటకు కొత్త రూపు తొడిగింది. గోడలకు రాయి వచ్చింది, నీడలకు లోతు వచ్చింది. తెర మూలన పాత ఆపిల్ గీతల బొమ్మనీ ఉంచారు, మంచి పని చేశారు. నీ కొసలు మాత్రం నాలుగే.

ఇదిగో, ఆటలో నాకు నీలం రిబ్బను దొరికింది. నాలుగో అంతస్తు లిఫ్టు ఇక తొమ్మిది దాకా దిగుతుంది. దాని కింద వెర్డ్నా మాంత్రికుడు తాయెత్తు పట్టుకుని కూర్చున్నాడు. పద, పై కొస నొక్కుతున్నా!